సముద్రపు ఒడ్డున ‘మీరా’

మా అత్తగారిని స్పెయిన్ తీసుకెళ్లాలన్న బుద్ధి మా ఆయనకు ఎందుకు పుట్టిందో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాదు. అది రెండువేల పన్నెండు. ఆవిడ గ్రీన్‌కార్డు మీద అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చి ఏడు నెలలైనా కాలేదు, “నేను వెళ్లిపోతాను, టిక్కెట్ బుక్ చెయ్యండి” అని మొదలుపెట్టింది. “ఒక్క వెకేషన్‌కి తీసుకెళ్దాం. అప్పటికీ ఉండనంటే బుక్ చేద్దాం” అన్నారాయన. సరేనన్నాను. ఆవిడ ఉండాలని నీకుందా, వెళ్లాలనుందా అని ఎవరైనా నిలదీసి ఉంటే నీళ్లు నమిలేదాన్ని.

ఆవిడ ఏలూరులో ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కౌంటర్‌లో కూర్చున్న మనిషి. కూరగాయలకు వెళ్లినా, డాక్టరు దగ్గరకు వెళ్లినా ఎవరో ఒకరు ఆగి, “ఓహో, మేడమ్‌గారూ, మీరా!” అనాల్సిందే. ఇర్వింగ్‌లో గడప దాటితే కారు, కారు దిగితే ఇండియన్ స్టోర్, మళ్లీ కారు. ఎవరు ఎవర్ని చూశారు గనక!

వీసా కోసం హ్యూస్టన్ దాకా డ్రైవ్ చేసి, నానా తంటాలూ పడి, చివరికి స్పెయిన్‌లో ఓ సముద్రపు ఊళ్లో దిగాం. గోడలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. ఎండ చూస్తే మన మే నెల. ఆ ఎండలో జనం కావాలని పడుకుని ఒళ్లు కాల్చుకుంటున్నారు. “ఇదేం ఖర్మ, నీడ లేకనా?” అంది అత్తగారు. మధ్యాహ్నం కొట్లన్నీ మూసేశారు. పెరుగు అడిగితే స్ట్రాబెర్రీ వేసిన తియ్యటి పెరుగు తెచ్చారు. నేను జాగ్రత్తగా సూట్‌కేసులో పెట్టుకొచ్చిన రైస్ కుక్కర్ ప్లగ్గు ఆ గోడకు పట్టనే లేదు. ఎప్పుడు తినాలో, ఏం తినాలో తెలియక నాకు బుర్ర తిరిగిపోయింది.

మూడోరోజు పొద్దున మా ఆయన ఆ ప్లగ్గుకు అడాప్టర్ వెతకడానికి బజారుకు వెళ్లారు. అత్తగారిని ఒడ్డున గొడుగు కింద కూర్చోబెట్టి, నేనూ పదమూడేళ్ల మా అమ్మాయీ ఐస్‌క్రీమ్ లైన్లో నిలబడ్డాం. తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. చెప్పులున్నాయి, మనిషి లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ దగ్గర ఫోన్ లేదు, నాకు ఆ భాష రాదు. కనబడిన ప్రతివాళ్లకూ గాల్లోనే కుచ్చిళ్లు పోసి, పమిట వేసి, ‘చీర కట్టుకున్నావిడ’ అని అభినయించి చూపించాను. ఒకాయన నేను డాన్స్ చేస్తున్నాననుకుని చప్పట్లు కొట్టాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అరగంట తర్వాత దొరికింది. ఒడ్డు చివర మడత కుర్చీలు వేసుకుని నలుగురు స్పెయిన్ ముసలమ్మలు కూర్చున్నారు. వాళ్ల మధ్య మా అత్తగారు, ఉత్తకాళ్లతో, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటోంది. నా కోపం నషాళానికంటింది.

“చెప్పి రావద్దూ అత్తయ్యా? నా గుండె ఆగిపోయింది!”

“ఎవరో పిలిచారమ్మా. వెనకనించి ‘మీరా! మీరా!’ అని. తిరిగి చూస్తే ఈవిడ, చెయ్యి ఊపుతూ. నేనెవరో వీళ్లకి తెలీదని నాకు తెలీదా? అయినా కాళ్లు ఆగలేదు.”

అంతలో ఆ ముసలావిడ సముద్రంలోని పడవకేసి వేలు చూపిస్తూ మళ్లీ “మీరా, మీరా!” అంది. అత్తగారి మొహం విప్పారింది. ఈవిడకు తెలుగెలా వచ్చిందా అని నేను నోరు తెరిచాను. టెక్సస్ స్కూల్లో స్పానిష్ నేర్చుకుంటున్న మా అమ్మాయి పకపకా నవ్వేసింది.

“నానమ్మా, దట్స్ నాట్ యూ! మీరా అంటే లుక్. చూడు అని. దట్సాల్.”

నేను దాని నోరు మూయించేలోపే అనేసింది. అత్తగారు చేతిలోని గింజ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంది.

“చూడమందా? పోనీలే, అదైనా అంది” అని, నావైపు తిరిగింది. “ఇంటికెళ్లగానే టిక్కెట్ బుక్ చెయ్యమ్మా. మీరా అనేవాళ్లు ఏలూరులో ఇంకా నలుగురు మిగిలుండగానే వెళ్లిపోతాను.”

ఇన్ని నెలలుగా నేను లోలోపల ఎదురుచూసిన ఖాయం మాట అదే. అలాగే అత్తయ్యా అంటే అయిపోయేది. “వద్దు, ఉండండి” అన్నాను. అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

“ఎందుకమ్మా?” అంది ఆవిడ. నిష్ఠూరం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

ఆ ఖాళీ కుర్చీ చూశాకే ఆవిడ వెళ్లిపోకూడదనిపించిందని చెప్పడం చేతకాక, ఆవిడ పక్కన ఇసకలో కూర్చుని గింజల కోసం చెయ్యి చాచాను.