ఉమ్మి వేయని పిల్ల

1998లో నన్ను పుంగనూరు నుంచి మదనపల్లె ప్రభుత్వాసుపత్రికి డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. హోదా పేరు పొడుగే గానీ, విభాగమంటే ఒక కుర్చీ, ఒక నర్సు, నేను. కరెంటు ఉంటే కుర్చీ పైకి లేచేది, లేకపోతే నేనే వంగేవాణ్ణి.

ఆ వేసవిలో పిల్లల డాక్టరు ఒక ఏడేళ్ల పిల్లను నా దగ్గరికి పంపారు. పేరు గౌరి, చౌడేపల్లె దగ్గరి పల్లె. తలసీమియా, అంటే ఒంట్లో సరైన రక్తం తయారుకాని పుట్టు జబ్బు. నెలనెలా ఎవరిదో ఒకరి రక్తం ఎక్కిస్తేనే బతుకు. దవడ పన్ను పుచ్చి చెంప వాచింది, జ్వరం కాస్తోంది. ఇలాంటి పిల్లలకు పంటి చీము రక్తంలో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ పన్ను తీసేయాలి.

నోరు చూస్తే చిగుళ్లు ఉబ్బి, పళ్లన్నీ పాచి పట్టి ఉన్నాయి. నీళ్లిచ్చి పుక్కిలించి తొట్టిలో ఉమ్మమన్నాను. మింగేసింది. మళ్లీ ఇచ్చాను. గుటుక్కున మళ్లీ మింగింది. నాకు ఓపిక తక్కువ. ఉమ్మడం కూడా నేర్పాలా అని గద్దించాను.

పక్కనున్న తల్లి రత్నమ్మ ముందుకొచ్చింది. "పాప మింద అరవొద్దు సార్. ఉమ్మొద్దని నేనే చెప్పుండాను."

ఎందుకని అడిగాను.

"పండ్లు తోమితే నెత్తురొస్తాది సార్. ఊరోళ్ల కాళ్లావేళ్లా పడి ఎక్కించిన నెత్తురది. ఉమ్మేస్తే మళ్లా యాడ తెచ్చేది? అందుకే తోమొద్దంటి, వచ్చింది మింగమంటి."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడది అశ్రద్ధ కాదు, కాపలా.

పళ్లను కడిగేది లాలాజలమనీ, ఈ పిల్లకు అది తక్కువగా ఊరడంతో నోరు ఎండిపోతోందనీ, పాచి వల్లే చిగుళ్లు ఉబ్బి నెత్తురు వస్తోందనీ వివరించాను. తల ఊపింది గానీ నమ్మలేదు. వాళ్లకు పాడి ఆవులున్నాయని మాటల్లో తెలిసింది. పొదుగువాపు వచ్చి పాలలో నెత్తురు పడితే పిండడం మానేస్తారా అని అడిగాను.

"మానేస్తే పొదుగే పోతాది సార్. బాగా కడిగి, అంతా పిండి పారబోస్తాము. అది చెడిపోయిండేది గదా..."

అక్కడ ఆగిపోయింది. కూతురి చెంప వైపు చూసింది.

"ఉమ్మేయమ్మా," అంది.

పిల్లల డాక్టరుతో మాట్లాడి, రక్తం ఎక్కించిన మర్నాడు, ముందుగా యాంటీబయాటిక్ ఇచ్చి పన్ను తీశాను. దూది కరిపించి, ఇవాళంతా ఉమ్మకూడదు, ఉమ్మితే గడ్డకట్టిన నెత్తురు ఊడిపోతుందని చెప్పాను. రత్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"మళ్లా మింగమంటాండారా సార్?"

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. ఈ ఒక్క రోజే తల్లీ అని బతిమాలుకున్నాను.

కొన్నాళ్లకు గౌరి మళ్లీ వచ్చింది. కుర్చీ ఎక్కకముందే తొట్టిలో ఉమ్మి, చూడమన్నట్టు పక్కకు జరిగింది. ఎరుపు జీర లేదు.

ఆ తరువాత కుప్పంలో రిటైరయ్యేదాకా, పళ్లు తోమని పిల్లను తెచ్చిన ఏ తల్లినీ ముందుగా మందలించలేదు. ఎందుకు తోమడం లేదని అడిగేవాణ్ణి. చాలాసార్లు వైద్యం అక్కడినుంచే మొదలయ్యేది.