బయటి ఊరి తేనెకుండ

మా పక్కింటి మామ కుదురుగా కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. నగరిలో మా వీధివాళ్లం పెంచే కుట్టని తేనెటీగలన్నీ ఆయన కుండలోంచి విడదీసి ఇచ్చినవే. ఆ ఈగలకు జన్యుపరీక్ష చేసినవాళ్లు, అన్నీ ఒకే రక్తమనీ, ఒక్క తెగులొస్తే ఏదీ మిగలదనీ చెప్పారు. అప్పటినుంచి ఆయనకు కాలు నిలవలేదు. తువ్వాలు చుట్టిన కుండతో బస్సెక్కి, తడ, నాయుడుపేట తిరిగి, అక్కడి ఈగలున్న కుండ మార్చుకొచ్చేవాడు. ఇంటికొచ్చాక కూడా దానికి చెవి ఆనించి వింటూనే ఉండేవాడు.

"ఇంత తిరుగుడెందుకు మామా? ఒకే రక్తమైతే ఏమైతాది?" అన్నానొకసారి.

కుండ మీంచి చెవి తీయకుండానే వంటింటి వైపు చూశాడు. లోపల ఆయన భార్య గిన్నెలు కడుగుతోంది. గొంతు తగ్గించాడు.

"మీ అత్త నాకు అక్క కూతురే గదప్పా. ముగ్గురు బిడ్డలు పుట్టినారు. యాడుండారు?"