చిన్నోడి వంతు తలంటు

నా చిన్నప్పుడు మా చిన్నాయన ఎత్తిన తాడును గాలిలోనే పట్టుకుని, గుంజి దొడ్లోకి విసిరేసిన మొనగాణ్ని నేను. మా మనవలకు ఈ కథ ఇట్లాగే చెబుతాను. ఒకసారి చెప్పినప్పుడు తాడు మాత్రమే గుంజుకున్నాను, ఇంకోసారి చెప్పినప్పుడు చిన్నాయనను తోసి కింద కూడా పడేశాను. నిజానికి అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చిన్నాయన గొంతు లేస్తే నేను దాక్కునేది శనగపప్పు బస్తాల వెనక. ఈ వయసులో ఇక ఆ అబద్ధాన్ని మోయలేక, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

డెబ్భైల నాటి మాట. వరంగల్ బజారులో మాది కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మా నాయన, చిన్నాయన, రెండు కుటుంబాలకూ కలిపి ఒకటే పొయ్యి. చిన్నాయన కొడుకును అందరం చిన్నోడు అనేవాళ్లం. నాకంటే రెండు నెలలు చిన్న. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే తానులోంచి కుట్టించిన చొక్కాలు.

చిన్నాయనకు కోపం వస్తే, బెల్లం బుట్టలు కట్టే తాడును రెండు పేటలుగా మడిచి, గది తలుపు గడియ పెట్టుకుని చిన్నోణ్ని కొట్టేవాడు. మా ఇంట్లో దానికి పేరు భయం చెప్పడం. ఆ కాసేపూ మా అమ్మ గిన్నెలు గట్టిగా తోమేది. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. మా నాయన దుకాణంలో పప్పు తూస్తూనే ఉండేవాడు. నాకు మాత్రం కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. బస్తాల వెనక నుంచి దొడ్లోకి పోయేవాణ్ని, తిరిగి వచ్చేవాణ్ని, మళ్లీ పోయేవాణ్ని.

ప్రతి ఆదివారం పొద్దున మా నాయనమ్మ పిల్లలందరికీ తలంటేది. దొడ్లో బండ మీద ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నూనె రాసి, కుంకుడు రసంతో నెత్తి రుద్ది, కాగులోని వేడినీళ్లు పోసేది. ఆమె కళ్లకు అప్పటికే పొర కమ్మింది. మనిషి ఆకారమే తప్ప మొహం ఆనేది కాదు. ఒక శనివారం చిన్నోడు నన్ను బస్తాల వెనక్కి పిలిచి, రేపు తన వంతు కూడా నన్నే పోసుకొమ్మన్నాడు. చొక్కా విప్పితే వీపు బయటపడుతుందని వాడి భయం. బయటపడితే చిన్నాయనకు ఆ కోపం కూడా వాడి వీపు మీదే తీరుతుంది. ఎవరికీ చెప్పనని మా అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు.

వాడి కోసం ఏడు ఆదివారాలు కళ్లు మండించుకున్నానని మొన్ననే మా కోడలికి చెప్పాను. ఏడు కాదు, రెండు. అదీ ప్రేమతో కాదు, వాడు ఆడుకునే గాజు గోటీలన్నీ నాకిస్తానన్నాడు గనుక.

రెండో ఆదివారం, రెండోసారి తల వంచి కూర్చున్నప్పుడు నాయనమ్మ చేతులు నా నెత్తి మీద ఆగిపోయాయి.

"ఈ నెత్తి ఇందాకనే రుద్దిన గదరా. రెండు సుడులున్నది నీకే. రెండు పెండ్లిళ్లయితయనుకున్న గని, రెండు తానాలు గూడనా?"

మిగతా పిల్లలను లోపలికి తోలేసింది. చిన్నోడికేమైందని అడిగింది. ఏం లేదన్నాను. రెండు చెంబులు పోసి మళ్లీ అడిగింది. జ్వరమన్నాను. అప్పుడు చెంబు పక్కన పెట్టి, ఆ తడి బండ మీదే చీర తడుస్తున్నా నా పక్కన కూర్చుంది.

"ఫికర్ జెయ్యకు. నేనేడికి పోత లేను. నీళ్లు సల్లారితే సల్లారనీ. ఏమైంది బిడ్డా?"

ఏడుపొచ్చింది. ఒట్టు సంగతి చెప్పాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఆ ఒట్టు ఇగ నాది. ఏమన్నయితే నాకయితది, మీ అమ్మకు గాదు."

చెప్పేశాను. చెప్పిన మరుక్షణం నుంచి, నా వల్ల సాయంత్రానికి వాడికి ఇంకెన్ని దెబ్బలో అని దొడ్డంతా తిరిగాను.

నాయనమ్మ చిన్నోణ్ని పిలిచి చొక్కా విప్పించి, వేళ్లతో వీపు తడిమింది. జంట గీతల మీద వేళ్లు నిలిచాయి. "రెండు పేటలు" అంది, అంతే. తర్వాత చిన్నాయనను కేకేసి అదే బండ మీద కూర్చోబెట్టింది. మీసాలున్న మనిషి, నవ్వుకుంటూనే కూర్చున్నాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది.

"మీ నాయన గిట్లనే మడిచి కొట్టిండు. నీ వీపుకు నూనె రాసుకుంట నోరు మూసుకున్న. అది నా తప్పు. వీనికి రాసుకుంట మూసుకోను."

"నా కొడుకును నేను బాగు జేసుకుంటాన్ననే అమ్మా."

"నిన్ను గూడ మీ నాయన బాగే జేసిండు. సూడు, ఎట్లయినవో."

చిన్నాయన నవ్వు ఆగిపోయింది. నాయనమ్మ గడప దగ్గర నిలబడ్డ మా నాయన వైపు తిరిగి, "పక్క గదిల పిల్లగాడు మొత్తుకుంటాంటే తూకమేసుకుంట కూసున్నోనివి, నువ్వేం మాట్లాడకు" అంది.

ఆ మధ్యాహ్నమే నాయనమ్మ చిన్నోణ్ని వెంటబెట్టుకుని పాలకుర్తిలో తన తమ్ముడి ఇంటికి బస్సెక్కింది. చిన్నాయన రెండుసార్లు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ గది తలుపుకు గడియ పీకించాకే ఆమె పిల్లవాడితో వచ్చింది. వాడి పక్క పదో తరగతి దాకా ఆమె గదిలోనే. చిన్నాయన అరుపులు ఒక్కరోజులో పోలేదు. చెయ్యి ఎత్తి, ఆమె దగ్గు వినబడగానే దించుకోవడం నేను చూశాను.

ఇంకొకటి మిగిలింది. ఆ వారం చిన్నోడు దెబ్బలు తిన్నది నూనె డబ్బా ఒలకబోసినందుకు. ఒలకబోసింది నేను. ఇది నాయనమ్మకు కూడా చెప్పలేదు. పోయినేడు హనుమకొండలో వాడింటికి పోయి చెప్పాను. "నాకప్పుడే తెల్సురా" అని చాయ్ పోశాడు.

ఇప్పుడు మా వాడలో ఏ పిల్లైనా, పిల్లవాడైనా ఇంట్లోవాళ్ల అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడితే, ఎండల్లో నిండు చేతుల చొక్కా విప్పనని మొరాయిస్తే, నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. పోయి పక్కన కింద కూర్చుంటాను. ఏమైందిరా అంటాను. ఏం లేదు తాతా అంటారు. మొదట ఎవరైనా అదే అంటారు, నేనూ అదే అన్నాను. కాసేపాగి మళ్లీ అడుగుతాను. మోకాళ్లు నొప్పి పెడతాయి. మూడోసారి అడగందే మాత్రం లేవను.