డబల్ రొట్టె పొంగిన మధ్యాహ్నం

మొన్న మా మనుమరాలు ఇంటికి ఒక యంత్రం తెచ్చింది. చూడటానికి బియ్యం డబ్బా అంత ఉంది, పైన చిన్న అద్దం కిటికీ. పిండి, నీళ్లు, ఉప్పు, పులిసే పొడి అందులో పోసి మీట నొక్కితే అదే పిసికి, అదే నానబెట్టి, అదే కాల్చి, ఇప్పటివాళ్లు బ్రెడ్డనే డబల్ రొట్టె చేతికిస్తుందట. "నానమ్మా, చూస్తె చూడు గని మూత మాత్రం తెరవకు" అని హెచ్చరించి స్నానానికి పోయింది. యంత్రం కాసేపు గరగరలాడి ఊరుకుంది. అద్దంలోంచి చూస్తే లోపల పిండి ముద్ద నెమ్మదిగా లేస్తోంది. నేను కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాను. మనుమరాలు తిరిగి వచ్చేసరికి నా కళ్లల్లో నీళ్లున్నాయి. కరెంటుతో నడిచే డబ్బాను చూసి డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి ఎందుకు ఏడ్చిందో ఆ పిల్లకు చెప్పాలంటే మా ఊరు బాన్సువాడ దాకా పోవాలి, అదీ నిజాం కాలపు బాన్సువాడ.

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఎక్కడో దూరాన పెద్ద యుద్ధం నడుస్తోందని బాపు దుకాణానికి వచ్చినవాళ్లు చెప్పుకునేవారు. ఆ వానాకాలం మా అమ్మ కాన్పు కోసం పుట్టిల్లు పెద్ద కొడప్‌గల్ పోయింది. ఇంట్లో మిగిలింది నేను, బాపు, బాపును కన్న అవ్వ. అమ్మ అటు పోయిందో లేదో నాకు జ్వరం పట్టుకుంది. ఇరవై ఒక్క రోజుల జ్వరం అనేవారు దాన్ని, లెక్క తప్పకుండా అన్ని రోజులూ ఉండి పోయింది. పోతూ పోతూ నా జుట్టునూ ఆకలినీ పట్టుకుపోయిందనుకున్నారు గానీ, ఆకలి పోలేదు. కళ్లు మూస్తే జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు కనబడేవి. కడుపే దేన్నీ నిలవనిచ్చేది కాదు. పాలు తాగితే కక్కు, బార్లీ నీళ్లు తాగితే కక్కు. సగ్గుబియ్యం జావ పేరు వింటేనే కక్కు.

దవాఖాన డాక్టరు చూసి, డబల్ రొట్టె పాలల్లో నానబెట్టి చెంచాతో పెట్టమన్నాడు. మెత్తటిదే పెట్టాలి, గట్టిది ఒక్క ముక్క లోపలికి పోయినా పేగు తెగుతుందన్నాడు. ఆ రోజుల్లో మా దగ్గర డబల్ రొట్టె అంటే రోగిష్టి వాళ్ల తిండి. బాగున్న మనిషి చేతిలో అది కనబడితే "ఏమైంది, పానం బాగలేదా?" అని దారిన పోయేవాళ్లు ఆగి మరీ అడిగేవారు. ఊళ్లో దొరికేది కాదు, నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చేది. రెండు రోజులు తిన్నాను, రెండు రోజులూ కడుపులో నిలిచింది. మూడో రోజు వాన మొదలై వాగులన్నీ ఒక్కటయ్యాయి, బస్సు ఆగిపోయింది. మిగిలిన రొట్టెకు బూజు పట్టింది. డాక్టరు గొడుగు వేసుకుని వచ్చి, నేను నిద్రపోతున్నాననుకుని వాకిట్లో బాపుతో అన్నాడు, "కడుపుల ఏదన్న నిలవకపోతె ఇంకొక్క వారం. ఆ పైన నేనేం చెప్పలేను."

అమ్మకు కబురు పంపుదామన్నాడు బాపు. అవ్వ ఒప్పుకోలేదు. "నిండు నెలల మనిషిని వాగు దాటిస్తవా? కోడలు పిల్లను నాకప్పజెప్పి పోయింది. మళ్ల నేనే అప్పజెప్త. నువ్వు వోయి ఆ బంగళ సాయబును పిల్వు" అన్నది. బంగళా సాయబు అంటే నిజాంసాగర్ కట్టేటప్పుడు ఇంజనీర్ల బంగళాలో వండిపెట్టిన ముసలాయన. పని అయిపోయాక మా ఊళ్లోనే ఉండిపోయాడు. నేను తాతా అని పిలిచేదాన్ని. దొరలకు రోజూ డబల్ రొట్టె కాల్చి పెట్టిన చెయ్యి ఆయనది. కాని ఆయన చెయ్యి తగిలిన తిండి మా ఇంట్లో తినరు. అందుకని ఆయన దొడ్లో బర్రె పక్కన పీట వేసుకుని కూర్చుని నోటితో చెప్పాలి, అవ్వ లోపల వంటింటి గడప దగ్గర చేతులతో చేయాలి. చెయ్యి తగిలితే మైల, మాట తగిలితే కాదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఆయన మాత్రం ఆ సంగతి తెలిసే వచ్చాడు, పీట ఎక్కడ వేస్తే అక్కడే కూర్చున్నాడు.

మొదటి చిక్కు కల్లుతో వచ్చింది. పిండి పొంగాలంటే పొద్దుటి ఈతకల్లు కావాలన్నాడు తాత. మా ఇంట్లో కల్లు పేరెత్తినా నోరు కడుక్కోమనేవారు. బాపు కొత్త ముంత కొని, మీద ఆకులు కప్పి, పెరటి దారిన దొంగలా తెచ్చాడు. మధ్యాహ్నానికల్లా పక్కింటి ఆమె అవ్వను ఓదార్చడానికి వచ్చింది, బిడ్డ బెంగతో కొడుకు తాగుడు మొదలుపెట్టాడట కదా అని. కల్లు పిల్ల తిండిలోకని చెబితే ఇంకా గోల. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, "ఆఁ, తాగుతుండు. నీకేమన్న నొప్పా?" అన్నది. పాపం, జీవితంలో కల్లు చుక్క ఎరగని మా బాపు ఆ వానాకాలమంతా తాగుబోతు పేరు మోశాడు.

జుక్కల్ దిక్కు నుంచి వచ్చిన గోధుమలు దుకాణంలో ఉన్నాయి. అవ్వ వాటిని ఇసుర్రాయిలో విసిరి, పల్చటి బట్టలో రెండుసార్లు జల్లించింది. జొన్నరొట్టె చేయడంలో ఆమెకు మా వాడకట్టులో సాటి లేదు. ఆమె రొట్టె కొడుతుంటే ఆ చప్పుడుకు నాలుగిళ్ల అవతల వాళ్లకు ఆకలయ్యేది. కాని జొన్నపిండికి ఆగే గుణం ఉండదు. వేడినీళ్లు పోసి పిసికామా, వెంటనే కొట్టి పెనం మీద వేయాలి. ఇక్కడ తాత చెప్పే పద్ధతి అంతా ఆగడమే. కల్లు పోసి పిసికి మూతపెట్టి ఆగాలి. ముద్ద ఇంతకింత అయ్యాక పిడికిలితో ఒక్కసారి గుద్ది గాలి తీసేసి, మళ్లీ గుండ్రంగా చేసి, మళ్లీ మూతపెట్టి రెండు గంటలు ఆగాలి. ఆ తర్వాత ఇసుక పోసిన మూకుట్లో పెట్టి, కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి కాల్చాలి. రెండోసారి మూతపెట్టించి తాత మసీదుకు పోయి నమాజు చేసుకుని, ఇంట్లో తిని, తీరిగ్గా వచ్చేవాడు.

మొదటి రొట్టె రాయి. డాక్టరు నా కడుపు మీద వేళ్లతో కొట్టి చూసినట్టే దాన్నీ కొట్టి చూసి, వద్దని తల ఊపాడు. మర్నాటి రొట్టె కూడా రాయే. తాత మొదట కల్లును అనుమానించాడు, తర్వాత పిండిని, ఆ తర్వాత వానను. "దొరల ఇంట్ల ఎన్నడు గిట్ల కాలేదు" అని తనలో తాను గొణుక్కునేవాడు. అవ్వకు రోషం వచ్చి, దొరల పిండికి కొమ్ములుంటాయా అన్నది. రెండు రొట్టెలూ బర్రె తిన్నది, దానికి ఏ పేగూ తెగలేదు. నేను మాత్రం మంచం మీద లేచి కూర్చోలేని స్థితికి వచ్చాను. నీళ్లు తాగినా వెనక్కే వచ్చేవి. నా ముంజేతిని అవ్వ రెండు వేళ్లతో చుట్టి చూసి, చూడనట్టే ముఖం తిప్పుకునేది.

మూడో రోజు పొద్దున తాత నా మంచానికి కాస్త దూరంలో వాకిట్లో నిలబడి అడిగాడు, "బేటీ, నేను లేనప్పుడు ఆ పిండిని ఎవరన్న ముడుతుండ్రా?" నా మంచం మీది నుంచి పిండి పెట్టిన మూల కనబడేది. చూసింది చూసినట్టు చెప్పాను, "అవ్వ ఏళ్లు పెడుతది తాతా." నిజానికి అది కూడా వంటలో భాగమే అనుకున్నాను నేను. అవ్వ అటు పోయినప్పుడల్లా మూతెత్తి, ఐదు వేళ్లూ పిండిలో దిగేలా నొక్కి, మళ్లీ మూతపెట్టేది. ఆ రెండు గంటల్లో ఎన్నిసార్లు నొక్కేదో! పొంగిన గాలి పొంగినట్టే పోయేది.

అవ్వకు కోపం వచ్చింది. "ఏంది సాయబూ, నువ్వే గద పిడికిలితోని గుద్దుమన్నవ్. గుద్దితె తప్పు లేదు గని, నేను ఏలు పెడితె తప్పొచ్చిందా?"

"గప్పటి గుద్దుడు ఏరమ్మా. రెండోపారి పెట్టినంక దాంట్ల జాన్, పానం వస్తది. ఇగ ముట్టద్దు."

"ముట్టకుంట ఎట్లుంట?" అన్నది అవ్వ. "తడిపిన పిండి గుండ్రంగ పెట్టి ఇడిచిపెడితె పిండం లెక్క ఉంటది. మా ఇండ్లల్ల ఏళ్లు నొక్కనిది పిండి ఇడువం. నా బిడ్డకు గిదే జొరం వచ్చింది. ఆ దినం రొట్టెలకు పిండి పిసికిన, పిల్ల మూలిగిందని పళ్లెంల అట్లనే ఇడిచిపెట్టి ఉరికిన. ఏలు పెట్టలే. మళ్ల నేను వంటింట్లకు వచ్చేటాల్లకు నా బిడ్డ లేదు. ముద్ద అట్లనే గుండ్రంగ ఉన్నది. సూడ వచ్చినోళ్లల్ల ఒకామె అన్నది, పిండం ముందుగాల్నే పెట్టుకున్నవా అని."

మేనత్త ఒకామె చిన్నప్పుడే పోయిందని నాకు తెలుసు. ఎట్లా పోయిందో ఆ పొద్దునే తెలిసింది. అంతేకాదు, నేను కూడా పోతానేమోనని అవ్వ రోజూ భయపడుతోందని కూడా అప్పుడే తెలిసింది. రెండు రోజులుగా ఆమె నొక్కుతున్నది పిండిని కాదు, నా చావును. దాన్ని ఆపాలని నొక్కుతూ, నన్ను బతికించే తిండిని తన చేతులతోనే పాడుచేస్తోంది. ఇదంతా ఆనాడే ఇంత వివరంగా అర్థమైందని అబద్ధం చెప్పను. భయం మాత్రం వేసింది. అవ్వ మీద కోపం రాలేదు, చెప్పేశానే అని ఏడుపొచ్చింది.

తాత నవ్వలేదు, గవన్నీ ఉత్త మాటలనీ అనలేదు. "నీ భయం తప్పని నేననను అమ్మా. గని పిల్ల ఆకలి కూడ తప్పు కాదు గద" అన్నాడు. అవ్వ నా వైపు చూసింది. మంచం దగ్గరకు వచ్చి వంగి, "నీకు భయమైతుందా బిడ్డా?" అని అడిగింది. నా నోటికి వచ్చింది ఒక్కటే మాట, "ఆకలైతుంది అవ్వా."

ఆ రోజు తాత ఇంటి నుంచి పాత బిస్కట్ల రేకు డబ్బా తెచ్చి గడప అవతల పెట్టాడు. గుండ్రంగా ఎందుకు, ఇందులో పొడుగ్గా పెట్టమన్నాడు. అవ్వ దాన్ని నిప్పుల మీద కాల్చి, చింతపండుతో తోమి, నూనె పూసి పిండి పెట్టింది. మసీదుకు పోతే మళ్లీ ఏమవుతుందోనని తాత కదలలేదు. దొడ్లోనే నమాజు చేసుకుంటానంటే, ఆయన నడిచిన చోట నీళ్లు చల్లే మా అవ్వ లోపలి నుంచి ఉతికిన చాప పంపించింది. ఇక ఆగడమే మిగిలింది. కొంతసేపటికి పిండి డబ్బా అంచు దాటి లేచింది. లేచి, పైకి వచ్చి, ఎంత పొడుగ్గా పెట్టినా మళ్లీ గుండ్రంగానే తిరిగింది. అవ్వ అది చూసి దిగ్గున లేచింది. నాలుగడుగులు వేసింది. మధ్యలో ఆగింది. వెనక్కి వచ్చి నా మంచం పట్టె మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా నన్ను ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు. నొప్పి పుట్టింది, అయినా అనలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి గాని దేవుణ్ని మొక్కుతోందో, పోయిన కూతురితో మాట్లాడుతోందో తెలియదు. చెమట చెంపల మీదుగా కారుతుంటే తుడుచుకోవడానికి కూడా నా చెయ్యి వదలలేదు. దొడ్లోంచి తాత "ఇగ కాల్చొచ్చు అమ్మా" అని కేకేసేదాకా అట్లాగే కూర్చుంది.

కాలుతున్నప్పుడు వాసన వచ్చింది. కొంచెం కల్లు పులుపు, కొంచెం మాడిన గోధుమ. రొట్టె ఒక పక్క నల్లబడింది, పైన చీలింది, లోపల మాత్రం దూదిలా ఉంది. అవ్వ వేలంత ముక్క తుంచి పాలల్లో నానబెట్టి నా నోట్లో పెట్టి, నా గొంతునే చూస్తూ కూర్చుంది. అరగంట గడిచింది. ఏదీ వెనక్కి రాలేదు. ఇంకో ముక్క పెట్టింది. సాయంత్రానికి నాలుగు ముక్కలు తిని నిద్రపోయాను. నేను లేచేదాకా అవ్వ మంచినీళ్లు కూడా ముట్టలేదని బాపు తర్వాత చెప్పాడు.

వాగులు తగ్గేదాకా రోజూ ఆ డబ్బాలో రొట్టె కాలింది. అమ్మ తమ్ముణ్ని ఎత్తుకుని బండి దిగినప్పుడు నేను గోడ పట్టుకుని ఎదురు వెళ్లాను. "ఇగో నీ బిడ్డ, సూసుకో" అని అవ్వ నన్ను ముందుకు నెట్టి, బర్రెకు కుడితి పెట్టాలని దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు.

అవ్వ ఆ తర్వాత పన్నెండేళ్లు బతికింది. పిండి ముద్దల మీద వేళ్లు నొక్కడం చివరిదాకా మానలేదు. ఆ నమ్మకం ఆమెను వదల్లేదు, ఆమె కూడా దాన్ని వదల్లేదు. అది నిజమని నమ్ముతూనే నా కోసం చేతులు కట్టుకుని కూర్చుంది. ఈ వయసులో అందరూ కాలం ఎటు పోయిందో అంటారు. నా కాలం ఎటు పోయిందో నాకూ తెలియదు గాని, ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలుసు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం అవ్వ ఏమీ చేయకుండా కూర్చున్న ఆ రెండు గంటల్లోంచే ఆ తర్వాతి నా అరవై ఏడేళ్లూ వచ్చాయి.