తేమ మిషన్ ముందు నాకు సోయి తప్పిన రోజు

రెండు రోజులు లైనులో కాచుకొని, ఇంకో పది నిమిషాల్లో అమ్ముడుపోవాల్సిన ట్రాలీ నిండా వడ్లను ఒక్క మాటతో వెనక్కి పంపించిన ఘనుణ్ణి నేను. ఎట్లా పంపించానో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

అది 2007. సూర్యాపేటలో డిగ్రీ రెండో సంవత్సరం. నలుగురిలో నోరు విప్పలేని పిరికివాణ్ణి. బస్సు ఆపమని కండక్టర్‌ను అడగడానికి సిగ్గుపడి, ఒక ఊరు అవతల దిగి నడిచొచ్చిన రోజులున్నాయి. అట్లాంటి నాకు నెట్ సెంటర్లో ఒక పేజీ కంటబడింది. కల కంటూనే ఇది కల అని తెలుసుకోవచ్చట. అందులో మళ్ళీ మెట్లు. మొదటి మెట్టులో, ఇది కలేమోనని అనుమానం వస్తుంది. రెండో మెట్టులో, కల అని తెలుస్తుంది గానీ అది మన మాట వినదు. మూడో మెట్టు ఎక్కితే మనం చెప్పినట్టల్లా జరుగుతుంది. ఎదుటివాణ్ణి మాయమైపొమ్మంటే మాయమైపోతాడు. మెలకువలో ఎట్లాగూ మాట్లాడలేను, కనీసం కలలోనైనా మాట్లాడదామని ఆశపడ్డాను.

పరీక్ష కూడా చెప్పారు. ఏదైనా అంకెను చూసి, తల తిప్పి, మళ్ళీ చూడాలి. అంకె మారితే అది కల. మూడు నెలలపాటు కనబడ్డ ప్రతి బస్సు నంబరునూ రెండేసి సార్లు చూశాను. ఒక్క కలలోనూ ఇది కలన్న సోయి రాలేదు, మెడ నొప్పి మాత్రం వచ్చింది.

అంతలో కోతలొచ్చాయి. మాది నేరేడుచర్ల పక్కన ఊరు. కోత మిషన్ కోసిన పచ్చి వడ్లను ట్రాక్టరుకెత్తించి నాన్న, నేను మిర్యాలగూడ మిల్లుకు పోయాం. గేటు ముందు రెండు రోజుల లైను. పైన మబ్బు. వాన పడేలోపు అమ్ముడుపోకపోతే వడ్లు మొలకెత్తుతాయి, ఆ పంట కష్టమంతా మట్టిలో కలుస్తుంది. నాన్న ఆకాశం వంక చూసేవాడు, నేను వడ్ల మీద పడుకునేవాణ్ణి.

రెండో రోజు మధ్యాహ్నం కునుకులో ఉండగా నాన్న తట్టి లేపాడు. "లే బిడ్డా, మన నంబరొచ్చింది. సేటు ముంగట నువ్వేం మాట్లాడకు, నేను సూసుకుంట."

నన్ను మాట్లాడొద్దనడమూ చేపను చెట్టెక్కొద్దనడమూ ఒకటే.

కానీ ఆ పేజీలోని చివరి వాక్యం నా కొంప ముంచింది. ఒక్కోసారి నిద్ర లేచినట్టు కూడా కల వస్తుందట, అందుకని లేవగానే పరీక్ష చేసుకోవాలట. చేసుకున్నాను. మిల్లు సేటు గుప్పెడు వడ్లు తేమ మిషన్లో పోశాడు. అందులో అంకె ఎంత తక్కువుంటే అంత మంచి ధర. పదిహేడు. తల తిప్పి చూశాను. ఇరవై ఒకటి. మళ్ళీ తిప్పి చూశాను. పందొమ్మిది. మూడు నెలల తపస్సు ఫలించిందని నా ఒళ్ళు పులకరించింది.

సేటు కోదాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆయన మిషన్ దగ్గర నిలబడి ఉండటంతో కుర్చీ ఖాళీగా ఉంది. పోయి అందులో కాలు మీద కాలేసుకొని కూర్చున్నాను.

"సేటూ, నువ్వు లేవు" అన్నాను.

"ఏంటి బాబూ?"

"నిన్ను పుట్టించిందే నేను. ఇది నా కల. ఈ మిల్లు, నీ పొట్ట, అన్నీ నాయే. మిషన్ల పద్నాలుగు సూపియ్యి, లేకుంటే మాయమైపో."

సేటు నన్ను చూసి, నాన్నను చూసి, కుర్రాడికి తాగుడు అలవాటుందా అని అడిగాడు. మాయం మాత్రం కాలేదు. అంటే నేనింకా రెండో మెట్టు మీదే ఉన్నానన్నమాట. మూడోది ఎక్కాలంటే కళ్ళు మూసుకొని గట్టిగా అనుకోవాలని పేజీలో ఉంది. మూసుకున్నాను. అనుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి సేటు అక్కడే ఉన్నాడు. మా ట్రాక్టరే మాయమైంది.

ఆయన సైగ చేస్తే డ్రైవరు దాన్ని గేటు అవతలికి, లైను చివరికి తోలేశాడు. నాన్న భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకొని, రెండు చేతులూ జోడించి, "సిన్న పోరడు సేటూ, సదువుల పడి ఎటో అయిండు, జర మాఫ్ చెయ్యి" అంటున్నాడు. మా నాన్న ఎవరి ముందూ తువ్వాల దించిన మనిషి కాడు. అట్లాంటి కల నేను చచ్చినా కనను. నేను మెలకువగా ఉన్నానని అప్పుడు తెలిసింది. ఎవరైనా నన్ను మాయం చేస్తే బాగుండుననిపించింది.

అంకెలెందుకు మారాయంటారా? సేటు ట్రాలీలో పైనుంచి ఒక గుప్పెడు, నడుమ నుంచి ఒక గుప్పెడు, అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి పోశాడు. అదీ నేను తల తిప్పుకున్నప్పుడే.

సాయంత్రానికి వాన దంచికొట్టింది. టార్పాలిన్ కప్పి, చెరో అంచు పట్టుకొని ఇద్దరం తడిశాం. మర్నాడు ఇంకో మిల్లువాళ్ళు దయతలిచి, వాళ్ళు చెప్పిన ధరకు తీసుకున్నారు. తిరుగుదారిలో నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఊరి దగ్గరికొచ్చాక మాత్రం అన్నాడు. "కలల సోయి ఎందుకు బిడ్డా నీకు? లేసినంక ఉంటే సాలదా."

అక్కడితో ఖతం అనుకున్నాను. వారానికి కలలో మళ్ళీ అదే మిల్లు. ఈసారి అచ్చమైన కల. పరీక్ష చేసుకున్నాను. పదిహేడు, పదిహేడు, పదిహేడు. అంకె మారలేదు గనక ఇది నిజమేనని తేల్చుకొని, కల పొడుగునా సేటు కాళ్ళు పట్టుకొని బతిమాలాను. చివరికి ఆయన కరిగి, సరే, వడ్లు దించుకోండి అన్నాడు. అప్పుడే మెలకువ వచ్చింది.

కాబట్టి, మిర్యాలగూడలోని తేమ మిషన్లన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో అంకెలు చూసి లోకం ఉందో లేదో తేల్చను. అనుమానమొస్తే నాన్న భుజం వంక చూస్తాను. తువ్వాల అక్కడే ఉంటే చాలు, అది కలైనా నిజమైనా నోరు మూసుకొని కూర్చుంటాను.