తెల్లబర్రెను కడిగిన పెద్దబాపు

మా పెద్దబాపు పోయాడు. కాముని పున్నమి వెళ్ళిన వారంలోనే. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం బయల్దేరి, చెప్పులు వేసుకుందామని అరుగు మీద కూర్చుని, ఒక చెప్పు కాలికి ఉండగానే గోడకు ఒరిగిపోయాడు. తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, పెద్దబాపు లేస్తలేడక్కా" అన్నాడు. పోయాడని అనలేదు. శాలిబండ నుంచి గౌలిపుర దాకా షేర్ ఆటోలో ఆ మాటనే పట్టుకుని వెళ్ళాను. లేవకపోతే లేపొచ్చు కదా అనుకున్నాను. బుద్ధి అప్పుడు అంతవరకే పనిచేసింది.

ఆయన మా బాపుకు అన్న. బాపు మా చిన్నప్పుడే పోతే, నన్నూ తమ్ముడినీ పెంచింది పెద్దబాపు, పెద్దమ్మే. వాళ్ళకు పిల్లలు లేరు. ఎవరైనా ఆ మాట ఎత్తితే "లేకపాయె ఏంది? గీ ఇద్దరు నా పానం తింటలేరా?" అనేవాడు. తరాలుగా బర్రెలను నమ్ముకున్న ఇల్లు మాది. వాకిట్లో కొట్టం, కొట్టం ముందు రాతి తొట్టి, ఇంట్లో ఎప్పుడూ పేడా పచ్చిగడ్డీ కలిసిన వాసన. అలాంటి మనిషి చివరికి దుకాణానికి వెళ్ళి పాల ప్యాకెట్టు కొనాల్సి వచ్చింది. తెచ్చిన ప్రతిరోజూ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "పాలా ఇవి? పాలను దూరం నుంచి చూసిన నీళ్ళు" అని గొణిగేవాడు. ఆ గొణుగుడుతోనే మా ఇంట్లో తెల్లవారేది.

పెద్దమ్మకు ఆయాసం. ఎండాకాలం వచ్చిందంటే ఆమె ఊపిరి తీసే చప్పుడు పక్క గదిలోకి వినిపించేది. చల్లగా ఉంచాలని డాక్టరు చెప్పాడు. అప్పటికి కొట్టంలో మిగిలిన బర్రె లచ్చి ఒక్కతే. మాతో ఒక్క మాట చెప్పకుండా దాన్ని అమ్మేశాడు పెద్దబాపు. కొన్నవాళ్ళు తోలుకుపోతుంటే గల్లీ చివరిదాకా వెంట నడిచి, ఖాళీ పలుపు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఆ డబ్బుతో పెద్దమ్మ గదిలో ఏసీ పెట్టించాడు. దాని నీళ్ళ పైపు వాకిట్లోకి దిగితే, రాతి తొట్టిని జరిపి సరిగ్గా పైపు కిందికి తెచ్చాడు. "ఉత్తగ పోనియ్యొద్దు. పిట్టలన్న తాగుతయి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నోట అది ఏసీ కాదు, తెల్లబర్రె. దీపావళి వెళ్ళాక సదర్ నాడు గౌలిపుర బర్రెలన్నీ నూనె పూసుకుని దండలేసుకుని ఊరేగుతుంటే, మా ఇంట్లో ఏసీకి ఒక బంతిపూల దండ పడేది.

మరుసటి ఏడు కాముని పున్నమి అయిన తెల్లారి, ఎండలు ముదరకముందే దాన్ని కడగాలని కూర్చున్నాడు. ఎలా కడిగాడంటారా? బర్రెను కడిగినట్టే. బకెట్టు నీళ్ళు, సబ్బు, పీచు. మూత తీసి, చెంబుతో వీపు మీద పోసినట్టు పోశాడు. పెద్దమ్మ మంచం మీద నుంచి కేకలు. "అయ్యయ్యో, అది బర్రె కాదయ్యా!" ఈయన వింటేనా. "కడగంది ఏది బతుకుతదే" అంటూ ఇంకో చెంబు పోశాడు. తుడిచి, కుంకుమ బొట్టు పెట్టి, స్విచ్ వేశాడు. టప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది.

మెకానిక్‌ను పిలుద్దామని తమ్ముడు లొల్లి పెట్టాడు. పెద్దబాపు వినలేదు. మెయిన్ తీసేసి, ముక్కాలి పీట తెచ్చుకుని ఏసీ ముందు కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. జబ్బు చేసిన పశువు ముందు కూడా అలాగే కూర్చునేవాడు. "నోరు లేనిదానికి మనమే నోరు బిడ్డా" అన్నాడు నాతో. "జరసేపు గమ్మున ఉంటే అదే చెప్తది."

అది చెప్పిందో, ఈయనే కనిపెట్టాడో నాకు తెలియదు. "కడిగిన పశువును తడిగ కట్టెయ్యొద్దంటరు. నేనే మర్చిపోయిన" అని లోపలి దుమ్ము జాలీలను నీడన ఆరబెట్టి, టేబుల్ ఫ్యాన్‌ను మర్నాటిదాకా దాని మొహానికే తిప్పి ఉంచాడు. కరెంటు నిలిచింది కానీ, టకటకమని ఒకటే చప్పుడు. "నోట్ల పండ్లు సరిగ కూసోలే" అని జాలీలు తీసి మళ్ళీ వాటి గాడిలో నొక్కాడు. చప్పుడు ఆగింది. ఆ వెంటనే పెద్దమ్మ దిండు మీద నీళ్ళు కారడం మొదలైంది. నేను స్టూలెక్కి లోపలికి తొంగి చూస్తుంటే కిందికి దింపాడు.

"ముంగట మొకం చూసి ఏం లాభం? పశువుకు బాగలేదంటే ఎనక చూడాలె."

వాకిట్లోకి తీసుకెళ్ళి తొట్టి చూపించాడు. ఎండిపోయి ఉంది. నీళ్ళు బయటికి రావడం లేదు, అందుకే లోపల కారుతున్నాయి. పైపు నోట్లో పెట్టుకుని ఊదాడు. కడిగిన మట్టంతా గడ్డకట్టి ఉందేమో, ఒక్కసారిగా తన్నుకొచ్చి ఆయన మీసాల మీద పడింది. పెద్దమ్మ అంత నవ్వడం అంతకుముందు చూడలేదు. నవ్వి నవ్వి ఆయాసం తెచ్చుకుంది. అయినా కారడం ఆగలేదు. పెద్దబాపు గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసి చూశాడు. మాది పాత సున్నం గోడ. వానలకు ఉబ్బి పొట్ట పెట్టింది. దానితోపాటు ఏసీ పైపు ఉన్న కుడివైపుకు కాక ఎడమవైపుకు ఒరిగింది. లచ్చిని కట్టేసిన గుంజ కొట్టంలో అలాగే ఉంది. దాని నుంచి బొటనవేలంత చెక్క చీల్చి, ఏసీని ఎడమపక్క కాస్త ఎత్తి, గోడకు బిగించిన వెనక రేకుకూ దానికీ మధ్య దూర్చాడు. మేం నవ్వుకున్నాం. కాసేపటికి తొట్టిలో బొట్టు పడింది. కిటికీ దగ్గరికొచ్చి లోపలికి కేకేశాడు.

"ఇగో! నీళ్ళిడిసింది. ఫికర్ లేదు, పండుకో."

'ఇగో' అంటే పెద్దమ్మ. ఆమెకు మంచి పేరే ఉంది. ఆయన ఏనాడూ ఆ పేరు పెట్టి పిలవలేదు, ఇంకెవరూ ఆమెను 'ఇగో' అనలేదు. ఆ తర్వాత ప్రతి వేసవిలో, ప్రతి పొద్దునా తొట్టి చూసి ఆ మాట కేకేయడం ఆయనకు అలవాటైపోయింది. ఆ కేక వింటే గానీ పెద్దమ్మ కళ్ళు తెరిచేది కాదు. చిత్రమేమిటంటే, ఆయన ఒక్కరోజు కూడా ఆ గదిలో పడుకోలేదు. బయట అదే కిటికీ కింద నులక మంచం వేసుకునేవాడు. ఉక్కపోతలో ఇదేం పంతమని అడిగితే, "ఆమె దమ్ము సప్పుడు, దీని సప్పుడు రెండూ ఇనపడాలె గద. ఆడ అయితే సల్లదనానికి నిద్ర పడ్తది, గట్ల ఇనపడది" అనేవాడు.

ఆయనకు ప్రపంచమంతా పశువులే. పెళ్ళైన కొత్తలో నేను మా ఆయనతో పోట్లాడి పుట్టింటికి వస్తే, అంతా విని, "పాలియ్యకపోతే కొమ్ములు చూడకు బిడ్డా, మేత చూడు" అన్నాడు. నా మొగుడు బర్రెనా అని ఇంకా మండిపడ్డాను. "మస్తు మంచి బర్రె" అన్నాడు. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే బడిలో లెక్కలు రాని పిల్లల్ని చూసినప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది. ముందు అన్నం తిన్నారా అని అడుగుతాను.

దినవారాలు అయ్యాక, ఆచారం ప్రకారం ఇల్లంతా కడిగారు. గోడలు, గడపలు, గిన్నెలు. ఆయన బట్టలు పంచేశారు. ఏటా ఏసీ కడిగే రోజులే కదా, ఈసారి కడగకముందే పెద్దబాపు పోయాడు, ఉంటే చేసేవాడే కదా అని తమ్ముడు హుస్సేనీ ఆలం నుంచి ఒక భాయ్‌ని పిలిపించి దాన్నీ కడిగించాడు. భాయ్ మంచి పనివాడు. నురగ కొట్టి, ఏసీని గోడ నుంచి ఎత్తి, వెనక కూడా శుభ్రంగా కడిగాడు. ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ పక్క మీద నీళ్ళు కారాయి. భాయ్ మళ్ళీ వచ్చి చూసి, లోపలి ట్రే పగిలినట్టుంది, మిషన్ పాతది, మార్చేయండన్నాడు. తమ్ముడు కొత్త ఏసీ చూసి వచ్చాడు.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. బయటికొచ్చి పెద్దబాపు నులక మంచం మీద కూర్చుంది. బయట రాళ్ళు పగిలే ఎండ. "గోడలు కడిగిన్రు, బట్టలు పంచిన్రు, నేను ఒక్క మాటన్న అన్ననా? ఆయన చెయ్యి పడ్డది గీ ఇంట్ల ఇదొక్కటే మిగిలింది. ఇది గూడ తీసేస్తే నేను ఏ దిక్కు చూసి పండుకోవాలె?" అంది. ఆమె ఛాతీ కొలిమి తిత్తిలా ఎగసిపడుతోంది. డాక్టరు తమ్ముడిని కోప్పడ్డాడు. అటు ఆమె ఊపిరి, ఇటు ఆమె మాట. వాడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు.

ఆదివారం వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలియక ముక్కాలి పీట తెచ్చుకుని ఏసీ ముందు కూర్చున్నాను. జాలీలు తీసి చూశాను, గాడిలోనే ఉన్నాయి. స్టూలెక్కబోయి ఆగాను. ముంగట కాదు, ఎనక చూడాలె. వాకిట్లోకి వెళ్తే తొట్టి బీటలు కనబడేలా ఎండిపోయి ఉంది. పైపు ఊదాను, గాలి బాగానే వెళ్ళింది. వచ్చి గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూసి చూశాను. ఏసీ ఎడమవైపుకు ఒరిగి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది చెక్కముక్క.

భాయ్‌కి ఫోన్ చేశాను. "హా అక్కా, ఒక లకడీ టుకడా కింద పడ్డది. కచ్రా అనుకున్న. మాఫ్ చెయ్యండక్కా" అన్నాడు పాపం. ఆయన తప్పేముంది? ఎవరు చూసినా చెత్తే అనుకుంటారు. నేను మంచం కిందా, మోరీ పక్కనా, కొట్టంలో పోసిన చెత్తలోనూ వెతకడం మొదలుపెట్టాను. "ఏ చెక్కయితే ఏందక్కా, ఒకటి కోసి పెడదాం" అన్నాడు తమ్ముడు. వాడన్నదీ నిజమే. అయినా చేతులు ఆగలేదు.

"ఏం దేవులాడుతున్నరు?" అని బయట నులక మంచం మీద నుంచి అడిగింది పెద్దమ్మ.

చెప్పాను. ఆమె కొంగు ముడి విప్పింది. అందులో ఉంది, బొటనవేలంత చెక్క, ఒక అంచున పలుపు రాసుకుని నున్నబడ్డ గుర్తుతో.

"లచ్చి గుంజది" అంది. "ఇల్లు కడిగిననాడు మంచం కింద దొరికింది. ఆయన జేబుల నుంచి పడ్డదనుకున్న. అందరు కలిసి అన్ని కడుగుతుంటే, ఇదొక్కటి దాసుకున్న."

"నీ దగ్గరే ఉంచుకో పెద్దమ్మా, ఇంకోటి పెడతా" అన్నాను.

ఆమె ఆ చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుంది. గుండెల నిండా వాసన పీల్చుకుందామని చూసింది. ఊపిరి అందలేదు, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది.

"లేదు బిడ్డా. ఆయన దాన్ని నా కొంగుల పెట్టిపోలే. ఆడ పెట్టిండు. ఆడ్నే పెట్టు."

తమ్ముడు ఎడమపక్క ఎత్తి పట్టుకున్నాడు. నేను చెక్క దూర్చాను. తన చోటు తనకు తెలిసినట్టు కూర్చుంది. స్విచ్ వేసి, పెద్దమ్మను లోపలికి తెచ్చి పడుకోబెట్టాం. ముడి విప్పిన కొంగు ఇంకా ముడతలు పడే ఉంది. ఆమె దాన్నే గుప్పిట్లో పట్టుకుంది.

నేను వాకిట్లోకి వెళ్ళి తొట్టి దగ్గర నిలబడ్డాను. మొదటి బొట్టు కాలిన రాయి మీద పడి, మచ్చ కట్టి, చూస్తుండగానే ఆరిపోయింది. రెండోది కూడా అంతే. మూడోది నిలిచింది. ఆ తర్వాత సన్నగా, ఆగకుండా ధార మొదలైంది. ఇంతలో ఎక్కడి నుంచో ఒక పిట్ట వచ్చి తొట్టి అంచు మీద వాలింది.

ఇప్పుడు ఎవరో ఒకరు కిటికీ దగ్గరికెళ్ళి చెప్పాలి. వెళ్ళాను. కమ్మీలు పట్టుకుని నోరు తెరిచాను. 'పెద్దమ్మా' అని పిలవొచ్చు. కానీ ఆమె వినాలనుకునేది ఆ పిలుపు కాదని నాకు తెలుసు. ఆయన పిలిచిన 'ఇగో' నా నోట రాదు. అది నాది కాదు. అక్కడే నిలబడి ఏడ్చాను. వెనక తొట్టిలో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. లోపల పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, కేక కోసం ఎదురుచూస్తూ పడుకుని ఉంది.