బండికి చప్పుడు పెట్టించాను

ఈ రోజు ఒకే బండికి రెండుసార్లు బ్రేకు ప్యాడ్లు మార్పించాను.

మా ఆవిడ పోయాక తన స్కూటర్ నేనే నడుపుతున్నాను. ముందు చక్రం బ్రేకు వేస్తే వీధంతా కీచుమంటుంది. తను ఏరికోరి వేయించిన ప్యాడ్లలో లోహపు పొడి ఎక్కువ. అవి త్వరగా అరగవు. కానీ అరుస్తాయి, పైగా డిస్కును అరగదీస్తాయి. పొద్దున ఎల్బీ నగర్ మెకానిక్ చేత వాటిని తీయించి మెత్తనివి వేయించాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి దాకా నిశ్శబ్దంగా వచ్చాను.

తలుపు తీసిన మా అత్తగారు కంగారు పడ్డారు.

"బండేది బాబూ? చప్పుడే వినపడలేదు!"

సంగతి చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

"ఆ కూత వింటే మా అమ్మాయి వచ్చిందని టీకి స్టవ్ వెలిగించేదాన్ని. ఇప్పటికీ అంతే. పాతవే వేయించెయ్యండి బాబూ."

టీ తాగకుండానే వెనక్కి వెళ్లాను. మెకానిక్ తెల్లబోయాడు.

"అందరు సప్పుడు బంద్ చెయ్యమంటరు సార్. మీరేంది, పెట్టమంటున్నరు? డిస్క్ ఖరాబైతది."

"మా అత్తగారి ఆర్డరు."

"గా మాట ముందే చెప్పాలె గద సార్!" అంటూ వెంటనే స్పానర్ అందుకున్నాడు.

తిరిగి వస్తూ చైతన్యపురి సిగ్నల్ దగ్గర బ్రేకు వేశాను. పక్క బండి మీది కుర్రాడు చెవి మూసుకున్నాడు.

"అంకుల్, జర బ్రేకులు చూపించుకోరాదు?"

"ఇప్పుడే చూపించుకుని వస్తున్నా," అన్నాను.

అతను బండిని మెల్లగా పక్కకు జరుపుకున్నాడు. మీరైతే ఏం జవాబు చెప్పేవారు?